సంద్రంలో ముల్లు దిగితే, పాము కరిస్తే

2022 ఏప్రిల్ 4న కొత్త తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు కొండ కింది ఊళ్లతోపాటు సముద్ర తీరం కూడా అందులో చేరింది. వాకాడు మండలం తూపిలిపాలెం నుంచి తడ పక్కన పులికాట్ సరస్సు దాకా వేటకు వెళ్లేవాళ్లు, వలల్లోంచి చేపలు ఏరేవాళ్లు విషజీవుల మధ్యే పని చేస్తున్నారు. గాయం చేసిన జీవిని బట్టి ప్రథమ చికిత్స మారుతుంది. ఆ తేడా వేటకు దిగేముందే తెలిసి ఉండాలి.

టేకు, జెల్ల ముళ్లు

టేకు చేప లోతు తక్కువ నీళ్లలో ఇసుక కప్పుకుని పడుకుంటుంది. కాలు పడితే తోక విసిరి ముల్లు దించుతుంది. అందుకే పాదాలు ఎత్తకుండా నేలమీద ఈడుస్తూ నడవండి, అలికిడికి అది తప్పుకుంటుంది. జెల్ల చేపకు వీపుమీదా, రెండు పక్కలా ముళ్లుంటాయి. వలలోంచి తీసేటప్పుడు మందపాటి చేతి తొడుగులు వేసుకోండి.

ముల్లు గుచ్చుకుంటే గాయం కడిగి, రక్తం ఆగేలా గుడ్డతో అదమండి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, గంటా గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడిని గాయం లేని చేత్తో చూడండి. ఛాతీలో, పొట్టలో, మెడలో దిగిన ముల్లును మాత్రం లాగొద్దు, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లండి. టీటీ ఇంజెక్షన్ మరవొద్దు. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు చిన్న గాయానికైనా అదేరోజు డాక్టరుకు చూపించుకోవాలి. ఉప్పునీటిలోని విబ్రియో బ్యాక్టీరియా వాళ్లలో గంటల్లోనే ముదరగలదు.

జెల్లీఫిష్ తగిలితే

సముద్రపు నీటితోనే కడగండి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న విషపు తిత్తులు ఇంకా పగులుతాయి. ఇసుకతో రుద్దొద్దు, సారా పొయ్యొద్దు. పోగుల్ని పట్టకారుతో తీసేసి, ఆ తర్వాత వేడినీళ్లు వాడండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

సముద్రపు పాము

తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పామే. వలలో చిక్కితే చేత్తో పట్టొద్దు. కాటు పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు, దాన్నిచూసి ధీమా పడకండి. కొన్ని గంటల్లో ఒళ్లునొప్పులు, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మూత్రం నల్లబడడం మొదలవుతాయి. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాటు పడిన కాలు లేదా చెయ్యి కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి.

మన దేశంలో దొరికే పాము విషం మందు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికి తయారైంది. సముద్రపు పాముకు అది పనిచేస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఊపిరి నిలబెట్టే వెంటిలేటరు, మూత్రపిండాలను కాపాడే డయాలసిస్ ఉన్న పెద్దాస్పత్రికే చేర్చాలి. 108కి ఫోన్ చేసినప్పుడే ‘సముద్రపు పాము కరిచింది’ అని చెప్పండి.

పడవ యజమానులకు

ప్రతి పడవలో నీళ్లు కాచుకునే ఏర్పాటు, చేతి తొడుగులు, పట్టకారు, శుభ్రమైన గుడ్డలు, బద్దలు ఉంచండి. నడిసంద్రంలో ఆపద వస్తే కోస్టుగార్డు నంబరు 1554. దాన్ని పడవ చెక్కమీద పెద్ద అంకెలతో రాయించండి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి వేటకు ముందే ఇవన్నీ నేర్పండి. జీతం ఇవ్వడం ఎంత బాధ్యతో, ఇదీ అంతే బాధ్యత.