మూత్రపిండాల కవచం

కొవ్వు అనగానే స్థూలకాయమే స్ఫురించడం లోకసహజం. అయితే దేహంలోని కొవ్వంతా ఒకే తీరుది కాదు. ఉన్న చోటును బట్టి దాని స్వభావమూ, పనీ మారుతాయి. మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు ఇందుకు చక్కని నిదర్శనం.

మూత్రపిండాలు ఉదరం వెనుక భాగంలో, వెన్నెముకకు ఇరువైపులా ఉంటాయి. సుమారు 150 గ్రాముల బరువుండే ఒక్కొక్క పిండాన్నీ మెత్తని కొవ్వు పొదివి పట్టుకొంటుంది. ఆ కొవ్వును ఒక తంతుపొర ఆవరించి ఉంటుంది. రుమేనియా శాస్త్రవేత్త గెరోటా 1895లో ఈ పొరను వర్ణించాడు. చర్మం కింది కొవ్వు ప్రధానంగా శక్తిని నిల్వచేస్తుంది, శరీరోష్ణాన్ని కాపాడుతుంది. మూత్రపిండాల కొవ్వు వీటితోపాటు దెబ్బల తాకిడిని తగ్గించి, పిండాలను స్వస్థానంలో నిలుపుతుంది. మనిషి మితిమీరి చిక్కిపోతే ఈ ఆధారం సడలి మూత్రపిండం కిందికి జారవచ్చు.

శిశువులో ఈ కొవ్వు చాలావరకు గోధుమవర్ణపు కొవ్వు. అది నిల్వశక్తిని నేరుగా వేడిగా మార్చి, చలికి వణకడం కూడా సరిగా చేతకాని పసికందును కాపాడుతుంది. వయసు పెరిగేకొద్దీ అది తెల్లకొవ్వుగా మారుతుంది. అయినా కొన్ని గోధుమకణాలు నిద్రాణంగా మిగిలే ఉంటాయి.

రక్షించే కవచమే హద్దు మీరితే భారమవుతుంది. చుట్టూ ఉన్న పొర అంతగా సాగదు కనుక, పెరిగిన కొవ్వు మూత్రపిండాన్నీ, దాని రక్తనాళాలనూ అదుముతుంది. ఫలితంగా రక్తపోటు పెరగవచ్చు. చర్మం కింది కొవ్వువలె ఇది వేళ్లకు చిక్కదు, స్కానింగులోనే బయటపడుతుంది. కంటికి కనబడని ఈ కవచాన్ని మితాహారంతో, వ్యాయామంతో మితంగా ఉంచుకోవడమే వివేకం.