మేతవేళ తొందరపడు గుఱ్ఱమును నెమ్మదిపఱచుట



మన ప్రాంతమున నేడు గుఱ్ఱమును పోషించువారు కొలదిమందియే. ఒకప్పుడు సంతకును, రైలుస్టేషనునకును జట్కాలు నడచిన బాటలలో ఇప్పుడు ఆటోలు నడచుచున్నవి. అయినను పెండ్లి ఊరేగింపులకును, తిరునాళ్లకును, ఉరుసులకును తట్టువలను పెంచి బ్రదుకు కుటుంబములు అక్కడక్కడ ఇంకను కలవు. అట్టి కుటుంబమునకు గుఱ్ఱమే భూమి, గుఱ్ఱమే పంట. అది మేతవేళ మనిషిని కఱచినను తన్నినను కలుగు నష్టము గాయముతో తీరదు. గుఱ్ఱము చౌకగా అమ్ముడుపోవును; దానికై తెచ్చిన అప్పు మాత్రము ఇంటిలో మిగులును. ఈ పాఠము ముఖ్యముగా వారి కొఱకు వ్రాయబడినది. ఎద్దులును గేదెలును గలవారికిని ఇందు కొంత ఉపయోగము లేకపోదు.

1. తుమ్మలపల్లెలో జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట తుమ్మలపల్లెలో ఒక సభ్యుడు సంఘమునుండి అప్పు తీసికొని ఆరేండ్ల తట్టువ నొకదానిని కొనెను. పగటిపూట అది మిక్కిలి సాధువు. పెండ్లికొడుకును మోయును, బాజాలకు బెదరదు. సాయంకాలము ఉలవల బకెట్టు చప్పుడు వినబడినంతనే దాని వాలకము మాఱిపోవును. ముందుకాలితో గోతులు పడునట్లు నేలను గీరును, గాడిని తన్నును, చెవులు వెనుకకు వాల్చి పండ్లు చూపును. ఇంటివారు భయపడి ఉలవలను గాడిలో విసరివేసి పరుగెత్తుచుండిరి.

ఆ సభ్యుడు నన్నడుగగా నేను ఆలోచింపక ఒక సలహా చెప్పితిని. “దానికి ఓర్పు నేర్పుము. అగాడి పిచ్చాడి బిగించి కట్టి, ఒక గంట ఆలస్యముగా దాణా పెట్టుము. అల్లరి చేసినచో చబుకుతో ఒకటి తగిలింపుము” అంటిని. నేను ఎద్దుల నడుమ పెరిగినవాడను. గుఱ్ఱమును గూర్చి నాకు తెలిసినది స్వల్పము. ఆ మాట ఒప్పుకొనుటకు సిగ్గుపడితిని. మూడవనాటి సాయంకాలము ఆ తట్టువ పిచ్చాడిని తెంపుకొని గిఱ్ఱున తిరిగెను. దాణా తెచ్చుచున్న పదేండ్ల బాలుడు దాని త్రోపునకు పోయి గోడకు కొట్టుకొనెను. భుజము వాచినది గాని ఎముక విఱుగలేదు. అది ఆ పిల్లవాని అదృష్టమే గాని నా తెలివి గాదు.

మఱునాడు ఆ రైతు, “అయ్యా, సగము ధర వచ్చినను దీనిని అమ్మివేసెదను” అనెను. అప్పు సగమునకు పైగా ఇంకను తీరవలసియుండెను. అప్పుడు నేనొక పశువైద్యుని వెంటబెట్టుకొని మఱల ఆ యింటికి పోయితిని. ఆయన గుఱ్ఱముమీద చేయి వేయుటకు ముందే, “ఇది ఉదయమునుండి ఏమి తినినది?” అని యడిగెను. తెల్లవారి కొంచెము జొన్నచొప్ప, ప్రొద్దుగూకిన పిదప ఉలవలు. నడుమ పది గంటలు వట్టి కడుపు. ఆయన తల యూపి, “దీనికి పొగరు లేదు, ఆకలి కలదు. ఆ ఆకలికి మీరు అల్లరి నేర్పితిరి” అనెను. ఈ పాఠమంతయు ఆ మాటకు వివరణమే.

2. కారణములు

మొదటి కారణము కడుపు. గుఱ్ఱము ఎద్దువలె నెమరు వేయదు. పెద్ద గుఱ్ఱమునకు సైతము జీర్ణకోశము 8 మొదలు 15 లీటర్లు పట్టునంతటిదే. తట్టువకు ఇంకను చిన్నది. బీళ్లలో స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱము రోజులో సగమునకు పైగా కొంచెము కొంచెముగా మేయుచునే యుండును. దాని కడుపులో ఆమ్లరసము మేత యున్నను లేకున్నను నిరంతరము ఊరుచుండును. ఆ ఆమ్లమును చల్లార్చునది లాలాజలము. ఆ లాలాజలమో, నమలునప్పుడు మాత్రమే ఊరును. కావున చాలగంటలు మేత లేనిచో ఆమ్లము కడుపు పొరను తినివేసి పుండ్లు కలిగించును. మనము పొగరని యనుకొనునది తఱచుగా బాధ.

రెండవ కారణము అలవాటు. రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవు కుక్కలమీద చేసిన పరీక్షలు ప్రసిద్ధములు. ఆయనకు 1904లో నోబెలు బహుమానము లభించినది. అన్నము తెచ్చు సూచన కనబడినంతనే కుక్కకు నోరూరునని ఆయన చూపెను. బకెట్టు చప్పుడు మన గుఱ్ఱమునకు అట్టి సూచన. ఇంతవఱకు దోషము లేదు. కాని గుఱ్ఱము నేలను గీరుచుండగా మనము దాణా పోసితిమనుకొనుడు. “గీరితిని, దాణా వచ్చినది” అని దాని మనస్సున ముద్రపడును. పది దినములు ఊరకుండి పదునొకండవ దినము చప్పుడు భరింపలేక పోసినచో ఆ ముద్ర మఱింత గట్టిపడును. విడువక గీరినచో ఎప్పుడో యొకప్పుడు ఫలము కలుగునని అది నేర్చుకొనును.

మూడవ కారణము పోటీ. ప్రక్కన ఇంకొక గుఱ్ఱమో, మేకలో, కుక్కలో యున్నచో తన మేతను లాగికొందురేమో యను భయముచే అది చెవులు వాల్చును. చబుకు పట్టిన మనిషియు దానికి అట్టి శత్రువే. ఆకలికి భయము తోడైనచో కఱచుట సహజము.

నాలుగవ కారణము మనమే. 1900 సంవత్సర ప్రాంతమున జర్మనీలోని బెర్లిను నగరమున హాన్సు అను గుఱ్ఱము లెక్కలు చేయునని పేరు పొందెను. అడిగిన కూడికకు జవాబుగా కాలితో అన్ని పర్యాయములు నేలను తట్టుచుండెను. 1907లో ఫుంగ్‌స్టు అను పండితుడు పరీక్షించి, దానికి లెక్కలు రావనియు, సరియైన సంఖ్య వచ్చినప్పుడు ప్రశ్నించువాని తలలో తెలియకయే కలుగు చిన్న కదలికను చూచి తట్టుట మానుచుండెననియు తేల్చెను. మనిషి తల యించుక కదలినను కనిపెట్టు జంతువు మన తొందరను, భయమును, కోపమును కనిపెట్టకుండునా? మనము వణకుచు పోయినచో అదియు కలతపడును.

3. మొదటి చికిత్స: మేత సర్దుట

కడుపు కాలుచుండగా ఓర్పు నేర్పబూనుట వ్యర్థము. కావున మొదట మేత సర్దవలయును.

(అ) సుమారు 250 కిలోల బరువుగల తట్టువకు దినమునకు 5 కిలోల ఎండుమేత కావలయును. ఎట్టి కఱవులోను 4 కిలోలకు తగ్గింపరాదు. దానిని నాలుగు భాగములుగా పంచి, ఆఱు గంటలకు మించి ఎడము లేకుండ వేయవలయును. పెద్ద భాగము రాత్రికి ఉంచవలయును.

(ఆ) గరిక యన్నిటికంటె శ్రేష్ఠము. బాగుగా ఎండిన జొన్నచొప్పను నఱికి వేయవచ్చును. లేతజొన్నను, వానలేక వాడిన జొన్నను, కోసిన మోళ్లనుండి చిగిర్చిన పిలకలను వేయరాదు, వానిలో విషముండును. వేరుసెనగ కట్టె మంచి మేతయే గాని, బూజు పట్టినచో దానిని పెంటకుప్పలో వేయుడు.

(ఇ) ఉలవలు మన సీమ పంట; గుఱ్ఱమునకు అనాదిగా వచ్చిన దాణా. వానిని నానబెట్టి ఉడికించి, చల్లార్చి పెట్టవలయును. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణము నడ్డగించు పదార్థము కలదు. ఉడికించినచో అది చాలవఱకు తగ్గును. పని చేయు తట్టువకు ఎండు తూకమున ఒకటిన్నర కిలో ఉలవలను మూడు పూటలుగా పంచుడు. పని లేని దినమున తగ్గింపుడు. ఒక్క పూటనే యంతయు పోయుట కడుపునొప్పికి దారి. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. తినినది చెడినచో ప్రాణముమీదికి వచ్చును.

(ఈ) దాణాకు ముందు పావుగంట ఎండుమేత వేయుడు. ఆకలి సగము చల్లారును. ఆత్రముగా మ్రింగుటయు తగ్గును. అప్పటికిని మ్రింగునదైనచో, నోట పట్టనంత పెద్దవియు నునుపైనవియు నగు గుండ్రాళ్లు రెండు మూడు గాడిలో ఉంచుడు. వానిని త్రోసికొనుచు తినవలసి వచ్చుటచే నిదానించును.

(ఉ) ఇసుక నేలమీద మేత వేయకుడు. ఇసుక కడుపున చేరి నొప్పి తెచ్చును. నీరును, ఉప్పుగడ్డయు ఎల్లప్పుడును అందుబాటున నుండవలయును. మేతను మార్చదలచినచో పది దినములలో కొంచెము కొంచెముగా మార్చుడు.

4. రెండవ చికిత్స: అలవాటు మార్చుట

సూత్రము ఒక్కటియే. నెమ్మదిగా నున్న క్షణమున దాణా వచ్చును. అల్లరి చేయుచున్నంతవఱకు రాదు.

గుఱ్ఱమునకును మనకును నడుమ గట్టి వాసపు అడ్డకఱ్ఱ యుండవలయును. పెద్దవాడొకడు బకెట్టుతో దాని నోటికి అందనంత దూరమున నిలువవలయును. మాటలాడరాదు, అదలింపరాదు, కొట్టరాదు. గుఱ్ఱము గీరును, సకిలించును, తల విసరును. నిలిచి చూచుచుండుడు. ఎంత అల్లరి గుఱ్ఱమైనను ఊపిరి పీల్చుకొనుటకు ఒక్క క్షణము ఆగును. నాలుగు కాళ్లు నేలనుండి, చెవులు వెనుకకు వాలక, తల అడ్డకఱ్ఱకు లోపల నున్న ఆ క్షణముననే ముందుకు పోయి దాణా పోయుడు. మీరు పోవుచుండగా మఱల గీరినచో రెండడుగులు వెనుకకు వేసి ఆగుడు. ఇంటికి మాత్రము తిరిగి పోకుడు. అది శిక్ష యగును, పాఠము గాదు.

మొదటి దినములలో ఒక్క క్షణపు నెమ్మది చాలును. పిదప మనసులో మూడు లెక్కించునంతసేపు, ఆపైన ఐదు, పది. అంతకు మించి సాగదీయరాదు. ఓర్పునకు గూలి వెంటనే ముట్టవలయును.

ఇచ్చట ఒక హెచ్చరిక. పాత అలవాటునకు ఫలము తప్పిపోయినప్పుడు అల్లరి మొదట తగ్గదు, హెచ్చును. మూడు నాలుగు దినములు అది మునుపటికంటె గట్టిగా గీరును. “ఈ యుపాయము పనికిరాదు” అని జనులు విడిచిపెట్టునది అప్పుడే. తుమ్మలపల్లెలోను అట్లే జరిగెను. నాల్గవరాత్రి ఆ రైతు తల్లి చప్పుడు వినలేక లేచి పోయి ఒక చేట ఉలవలు పోసెను. మఱునాడు నేనడుగగా ఆమె, “నాయనా, నోరులేని జీవి ఆకలికి మొత్తుకొనుచుండగా నాకు ముద్ద దిగునా?” అనెను. ఆమె దయను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. “అవ్వా, నీవు పోయవలసినదే. అది మొత్తుకొనకమునుపే పోయుము. రాత్రి పండుకొనుటకు ముందు గరికమోపు నీ చేతితోనే వేయుము” అంటిని. ఆనాటినుండి ఆ పని ఆమెదాయెను. ఇంటిలో నందఱికంటె నిదానముగా నడచునది ఆమెయే. గుఱ్ఱము అందఱికంటె ముందు నెమ్మదించినదియు ఆమె యెదుటనే. మూడు వారములలో ఆ తట్టువ బకెట్టును చూచి ఒక యడుగు వెనుకకు వేసి నిలుచుట నేర్చెను. రైతు దానిని అమ్మలేదు. అప్పు వాయిదాలు నడచినవి.

ఒక యింటిలో ఒకే నియమము నడువవలయును. ఒకరు నెమ్మదికి పోసి ఇంకొకరు అల్లరికి పోసినచో గుఱ్ఱము అల్లరినే ఎన్నుకొనును.

5. జాగ్రత్తలు

పిల్లలను దాణాతో పంపరాదు. గుఱ్ఱమునకును గాడికిని నడుమ నిలువరాదు. మేయుచున్న గుఱ్ఱమును వెనుకనుండి తాకరాదు. అరచేతినుండి తినిపించుట ముద్దుగానుండును గాని కఱచుటకు అది ఓనమాలు. రెండు గుఱ్ఱములున్నచో ఒకదాని కాలు ఒకదాని కందనంత యెడముగా కట్టి, పెత్తనము చేయుదానికి ముందు పోయుడు.

కఱచినచో గాయమును సబ్బుతోను ధారగా పాఱు నీటితోను పావుగంట కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలయును. పసుపు అద్ది యూరకుండకుడు; ధనుర్వాతపు టీకా అవసరమా, పిచ్చివ్యాధి టీకా అవసరమా యను సంగతి వైద్యుడు చెప్పవలయును.

సాధువైన గుఱ్ఱము అకస్మాత్తుగా మాఱినచో అది అలవాటు గాదు, వ్యాధి. దాణా సగము విడుచుట, నమిలిన మేతను ముద్దలుగా రాల్చుట, డొక్కవైపు మాటిమాటికి చూచుట, పొర్లుట, చెమట పట్టుట కనబడినచో పశువైద్యుని పిలువుడు. నోట సొంగ కారుచు మ్రింగలేక, తన్ను తానే కఱచుకొనుచున్నచో దాని నోటిలో చేయి పెట్టక, దూరముగానుండి వెంటనే కబురంపుడు.

6. సంగ్రహము

కడుపు ఖాళీగా నుంచకుడు. దాణాకు ముందు మేత వేయుడు. నెమ్మదికే దాణా పోయుడు. కొట్టకుడు. మొదట అల్లరి హెచ్చినను వెనుదీయకుడు. ఇంటిలో నందఱును ఒకే రీతి నడువుడు. పిల్లలను దూరముంచుడు. తెలియనిచో అడుగుడు, నావలె సిగ్గుపడి తప్పు చెప్పకుడు.

నెలసమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ పశువునకు రెండు మేతల నడుమ ఎన్ని గంటల యెడము కలదు?
2. అది అల్లరి చేయుచున్నప్పుడు మీ యింటిలో మేత వేయువారెవరు? ఏల వేయుదురు?
3. ఎండకాలమున గరికయు చొప్పయు కొఱవడినప్పుడు మేత నిలువను సభ్యులు కలసి ఎట్లు చేసికొనవచ్చును?