ప్రశ్నలు - జవాబులు: పెళ్లికి ముందు రెండో బాప్తిస్మం

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. తాతల నాటి నుంచి ఆర్‌సీఎం వాళ్లం. నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయికి పెంతెకొస్తు కుటుంబంలో సంబంధం చూశాం. అబ్బాయి నెమ్మదస్తుడు, అమ్మాయికీ నచ్చాడు. ఇప్పుడు వాళ్ల పాస్టరుగారు, పిల్ల మళ్లీ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లి చేస్తానంటున్నారు. జపమాల వదిలేయాలట, చెవులకు దుద్దులు కూడా ఉండకూడదట. కాబోయే వియ్యపురాలు మా గోడమీది మరియతల్లి పటం చూసి, "ఇంకా ఈ విగ్రహాలేంటి వదినా?" అంది. ఇచ్చిన కాఫీ ముట్టలేదు. మా ఆయన, "రేకుల షెడ్డులో మైకు పెట్టుకుని అరిచేవాళ్లా మనకు నేర్పేది?" అని మండిపడుతున్నారు. ఏం చేయమంటారు? - ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు బాప్తిస్మం సంగతి. మీ సంఘం లెక్కలో జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరిట ఇచ్చినదైతే లూథరన్ బాప్తిస్మమైనా, సీఎస్‌ఐ బాప్తిస్మమైనా కతోలిక సంఘం చెల్లుతుందనే అంటుంది, మళ్లీ ఇవ్వదు. పెంతెకొస్తు వాళ్లు, బాప్టిస్టులు, బ్రదరిన్ వాళ్లు అలా అనుకోరు. తెలివి వచ్చాక తనంతట తాను నమ్మినవాళ్లకే బాప్తిస్మం అంటారు. అది మీమీద కక్షతో పుట్టిన మాట కాదు. 1527లో జ్యూరిక్ నగరంలో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని ఈ నమ్మకం కోసమే నదిలో ముంచి చంపారు. చంపించింది సాటి ప్రొటెస్టెంట్లే. అంత బాధపడి నిలబెట్టుకున్న నమ్మకం కాబట్టి దాన్ని గౌరవించండి.

పాస్టరుగారికి జవాబు కూడా అందులోనే ఉంది. నమ్మి, కోరి తీసుకున్నదే బాప్తిస్మమైతే, పెళ్లి చెడిపోతుందన్న భయంతో మునిగితే అది బాప్తిస్మం ఎలా అవుతుంది? ఈ మాట మీరు కాదు, అబ్బాయి అడగాలి. ఇప్పుడే అతను జంకితే, రేపు ఆ ఇంట్లో మీ అమ్మాయి తరఫున మాట్లాడేదెవరో ఆలోచించుకోండి. అమ్మాయికి నిజంగా ఆ నమ్మకం కలిగితే అది తన ఇష్టం, మీరు అడ్డుపడొద్దు. షరతుగా పెడితే మాత్రం ఒప్పుకోవద్దు. దుద్దుల సంగతీ అంతే.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వధూవరులది ఒకే సంఘం కావాలనదు. మీ విచారణలో (పారిష్‌లో) మాత్రం పని ఉంది, ఫాదర్‌గారిని ఇప్పుడే కలవండి. బాప్తిస్మం పొందిన వేరే సంఘం వ్యక్తిని చేసుకోవాలంటే బిషప్‌గారి అనుమతి కావాలి. గట్టి కారణం ఉంటే అబ్బాయి వాళ్ల మందిరంలో పెళ్లికి కూడా ఆయన అనుమతి ఇవ్వగలరు. పుట్టబోయే పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తానని అమ్మాయి మాట ఇవ్వాలి. ఆ మాట అబ్బాయికి తెలియాలి. శుభలేఖలు పంచాక ఈ సంగతి బయటపడితే రెండిళ్లకూ నగుబాటు, కాబట్టి నిశ్చితార్థానికి ముందే కూర్చుని తేల్చుకోండి.

వియ్యపురాలికి ఒక్కమాట చెప్పండి: మీరు పటానికి పూజ చేయడం లేదు, మరియతల్లిని మీకోసం ప్రార్థించమని అడుగుతున్నారు. అది సరైనదని ఆమె ఒప్పుకోనక్కర్లేదు. మీరు చేయనిదాన్ని మీకు అంటగట్టకుంటే చాలు.

ఇక మీవారికి, మన సంఘాలు ఊళ్లకు ఎలా వచ్చాయో గుర్తుచేయండి. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర వచ్చాడు కాబట్టి ఆ చుట్టుపక్కల లూథరన్లు ఉన్నారు. ఒంగోలులో క్లౌ దొర పనిచేశాడు కాబట్టి అక్కడ బాప్టిస్టులు. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్లు. ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా చాలాచోట్ల జిల్లాలు పంచుకున్నాయి. మన తాతల్లో ఎక్కువమంది సిద్ధాంతాలు బేరీజు వేసి సంఘం ఎంచుకోలేదు, ఊరికి ఎవరొస్తే వాళ్ల సంఘంలో చేరారు. మీ ఊరికి ఫాదర్లు వచ్చారు, అంతే. ఇంకోటి, నొచ్చుకోకుండా వినమనండి. "రేకుల షెడ్డు" అన్న మాటలో సిద్ధాంతం లేదు. పేదరికాన్ని చూసిన చిన్నచూపు ఉంది, బహుశా కులం కూడా ఉంది. పెళ్లి మాటలకు కూర్చునే ముందు ఆయన దాన్ని వదిలించుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో అందరం సీఎస్‌ఐ. హాస్టల్‌లో ప్రార్థన కూడికకు వెళ్తే "మీ వాళ్లకు ఆచారాలే, రక్షణ లేదు" అంటున్నారు. ఏం చెప్పాలి? - డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: వాదించొద్దు తల్లీ. వాళ్ల చేతిలోని పాటల పుస్తకం అడిగి తీసుకుని, ఏ పాట ఎవరు రాశారో కలిసి చూడండి. దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం విడిచి 1938లో బైబిల్ మిషన్ స్థాపించారు. ఆయన పాటలు మిగతా సంఘాలవాళ్లూ పాడుకుంటున్నారు. మీ సీఎస్‌ఐ కథ కూడా తెలుసుకో. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒకటయ్యాయి. దానికోసం పాతికేళ్లు పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య 1945లోనే కన్నుమూశారు. అది మీ గడ్డమీద పనిచేసిన పెద్దాయన పాటుపడిన పని, తలెత్తుకుని చెప్పు. అయినా రక్షణ లేదనే మాట ఆపకపోతే ఇంకో కూడిక చూసుకో.

ప్రశ్న: మా నాయనమ్మ పాత సంఘం వదిలి వేరే సహవాసానికి వెళ్తోంది. తాతయ్య పక్కనే సమాధి కావాలని ఆమె కోరిక. "వదిలిపోయినవాళ్లకు మా సమాధుల తోటలో చోటు లేదు" అంటున్నారు కమిటీవాళ్లు. - కృష్ణా జిల్లా

జవాబు: చనిపోయినవాళ్ల మీద పంతం ఏమిటని నాకూ కోపం వస్తోంది. కేరళలో ఆర్థడాక్స్, జాకోబైట్ వర్గాల తగవులో శవాలకు చోటు దొరక్క కుటుంబాలు నలిగిపోయాయి. చివరికి 2020లో ఆ ప్రభుత్వం చట్టం చేసి, ఏ వర్గంవాళ్లయినా తమ కుటుంబం సమాధులున్న చోటే ఖననం చేసుకునే హక్కు ఇచ్చింది. అది ఆ రెండు వర్గాలకే, మనకు వర్తించదు. అందుకే ఆమె బతికుండగానే కదలండి. తాతయ్య సమాధికి కట్టిన రసీదు ఉంటే వెతికి, కమిటీకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఆమెచేత సంతకం చేయించండి. కాదంటే బిషప్‌గారి ఆఫీసుకు వెళ్లండి. ఆ స్థలం సంఘానిదో, పంచాయతీదో రెవెన్యూ రికార్డుల్లో చూసుకోండి. పంచాయతీదైతే చోటు లేదనే అధికారం ఆ కమిటీకి లేదు.