డాల్డా నూనెనా, కాదా? – ఒక పన్ను తగాదా కథ

సైన్సు విద్యార్థికి పన్నుల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పోయిన ఏరువాక దాకా నేనూ అట్లే అనుకునేవాడిని.

మాది ఎర్రనేల సేద్యం. నాయన బుడ్డలు పండిస్తాడు. (కర్నూలు వైపు బుడ్డలు, కడప వైపు చెనిక్కాయలు, పాఠ్యపుస్తకంలో వేరుశనగ. మూడూ ఒకటే. ఈ మాట ముందుకు పనికివస్తుంది, గుర్తుంచుకోండి.) మా చిన్నాయన ఊర్లోనే చిన్న నూనె మిషను నడుపుతాడు. తొలకరి వాన పడగానే విత్తనాలకు డబ్బు తీయాలని బ్యాంకుకు పోతే, ఖాతా నిలిపేశామన్నారు. జి.ఎస్.టి. బాకీ ఉందట.

"బాకీ ఉందని నాకు కాగితం ఇచ్చినోడెవడప్పా?" అన్నాడు చిన్నాయన.

కాగితం లేదు. షోకాజ్ నోటీసు, దాని వెనుకే డిమాండు ఉత్తర్వు, రెండూ పోర్టల్‌లో ఉన్నాయి. రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ మా లెక్కలు రాసే ఆయనవి. ఆయన ఆ పని మానేసి ఏడాది దాటింది. పోర్టల్‌లో ఉంచడం కూడా నోటీసు అందజేసే పద్ధతుల్లో ఒకటని చట్టమే చెబుతుంది కనుక, మాకు తెలియదన్నంత మాత్రాన సరిపోదు.

నన్ను వెంటబెట్టుకుని చిన్నాయన కర్నూలులో ఒక పెద్ద వకీలు గారి దగ్గరికి పోయినాడు. ఆయన కాగితాలు తిరగేస్తూ, నేను కెమిస్ట్రీ చదువుతున్నానని విని, "అయితే చెప్పు నాయనా, డాల్డా వేరుశనగ నూనెనా, కాదా?" అని అడిగారు.

నేను తడుముకోకుండా కాదన్నాను. నూనెలో ఓలియిక్, లినోలియిక్ వంటి అసంతృప్త ఆమ్లాల గ్లిజరైడ్లు ఉంటాయి. నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్ పంపితే ద్విబంధాల దగ్గర అది చేరుతుంది. ద్రవంగా ఉన్నది గడ్డకడుతుంది. ద్రవీభవన స్థానం మారుతుంది, అయొడిన్ విలువ పడిపోతుంది. అణువే మారిన తరువాత అదే పదార్థమని ఎట్లా అంటాం?

ఆయన నవ్వి, "నీ మాటే హైకోర్టూ అన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తగాదా మన ఊరిదే" అన్నారు.

ఆ కేసు పేరు తుంగభద్ర ఇండస్ట్రీస్ వర్సెస్ కర్నూలు కమర్షియల్ టాక్స్ ఆఫీసరు. కర్నూలులోని ఆ కంపెనీ ఫ్యాక్టరీలో వేరుశనగ నూనె తీసి, కొంత భాగాన్ని వనస్పతిగా మార్చి అమ్మేవారు. 1939 నాటి మద్రాసు అమ్మకపు పన్ను చట్టం కింద కాయలు కొన్నప్పుడు ఆ కొనుగోలు మీద పన్ను పడేది. ఆ కాయలే ఆడించి నూనె అమ్మితే ఆ అమ్మకం మళ్ళీ టర్నోవర్‌లోకి వచ్చేది. ఒకే సరుకు మీద రెండు మార్లు భారం పడకుండా 18వ నియమంలో ఒక వెసులుబాటు ఉంది. నూనె, చెక్క తయారుచేసే రిజిస్టరైన వ్యాపారి నూనె అమ్మకాన్ని లెక్కలో చూపితే, దానికి వాడిన కాయల విలువ మినహాయించుకోవచ్చు. అధికారులు ఏమన్నారంటే: నువ్వు అమ్మింది వేరుశనగ నూనె కాదు, వనస్పతి. కాబట్టి మినహాయింపు లేదు, పన్ను కట్టు.

చూడండి, డబ్బంతా ఒక్క మాట మీద నిలబడింది. ఈ తగాదా నడిచిన కాలంలోనే కర్నూలు మద్రాసు రాష్ట్రం నుండి విడిపోయింది, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యింది, 1956లో ఆ హోదా పోగొట్టుకుంది. నియమం మాత్రం మద్రాసుదే!

1960 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. ఆ తర్కం నాకు అర్థమైనంతలో ఇది. వేరుశనగ నూనె అనిపించుకోవాలంటే అది వేరుశనగ నుండి రావాలి, నూనె అయి ఉండాలి. ద్రవంగానే ఉండాలని ఏమీ లేదు, చలికి గడ్డకట్టే నూనెలు ఎన్నో ఉన్నాయి. హైడ్రోజన్ చేరినంత మాత్రాన, అణువులో మార్పు వచ్చినంత మాత్రాన, లోకం దాన్ని గుర్తించే తీరు మారదు. నిలవ ఉండి కంపు కొట్టే నూనెలో కూడా రసాయనికంగా మార్పు వస్తుంది, అయినా దాన్ని ఎవరూ వేరుశనగ నూనె కాదనరు. వాడకం మునుపటిదే, వంటకే. కనుక మినహాయింపు ఇవ్వాల్సిందే.

నిలవ నూనె దగ్గర నేను ఓడిపోయాను. మా జేజి కుండ అడుగున మిగిలిన నూనె వాసన చూసి "పాడైంది" అంటుందే గాని "వేరేదైంది" అనదు. కెమిస్ట్రీ విద్యార్థిగా మనసు కొంచెం నొచ్చుకున్న మాట నిజం. అయినా ప్రయోగశాలలో అడిగే ప్రశ్న వేరు, అంగడిలో అడిగే ప్రశ్న వేరు. నియమం రాసింది అంగడి కోసం.

అన్నీ కంపెనీకే అనుకూలం కాలేదు. రైలు కిరాయికి కూడా మినహాయింపు కోరితే కోర్టు ఇవ్వలేదు. కిరాయిని ధరలో కలపకుండా బిల్లులో విడిగా వేసి వసూలు చేసి ఉంటే ఇచ్చేవారు. బిల్లు రాసే పద్ధతికి ఎంత విలువో!

రెండేళ్ళకు, 1962లో, ఢిల్లీ క్లాత్ మిల్స్ కేసులో మళ్ళీ ఈ వనస్పతే వచ్చింది. ఈసారి ఎక్సైజు పన్ను. ముడి నూనెకూ వనస్పతికీ నడుమ దశలో "రిఫైన్డ్ నూనె" తయారవుతోంది, దానికీ సుంకం కట్టమన్నారు. వాసన తీయని ఆ నూనెను బజారులో రిఫైన్డ్ నూనెగా ఎవరూ కొనరు, కొత్త పేరు, గుణం, వాడకం గల సరుకు పుడితేనే తయారీ అన్నది కోర్టు.

ఇక మా సంగతి. మా తగాదాలో ఇంతటి సూత్రం ఏదీ లేదు. నెలనెలా వేసే రెండు రిటర్నుల్లో అంకెలు కలవలేదు. చెక్క అమ్మకం ఒకచోట ఒక గడిలో, మరొకచోట వేరే గడిలో పడింది. నోటీసుకు జవాబిచ్చి బిల్లులు చూపితే అక్కడే తేలిపోయేది.

జవాబు లేకపోతే ఉత్తర్వు వస్తుంది. దాని మీద అప్పీలుకు 107వ సెక్షను కింద మూడు నెలల గడువు, తగిన కారణం చూపితే ఇంకొక్క నెల. వసూలు కూడా మామూలుగా మూడు నెలల తరువాతే మొదలుపెడతారు. అంటే బ్యాంకు ఖాతా ఆగి మనకు మెలకువ వచ్చేసరికి అసలు గడువు అయిపోయి ఉంటుంది. మాకు ఆ ఒక్క నెలలో పదకొండు రోజులు మిగిలాయి. తగాదాలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టి అప్పీలు వేస్తే మిగతా వసూలు ఆగుతుంది. ఆ 10 శాతానికి పిన్నమ్మ గాజులు బ్యాంకుకు పోయినాయి. విత్తనాలు నాయన అప్పు తెచ్చి కొన్నాడు.

ఉత్తర్వు మీద సంతకం ఉందో లేదో కూడా వకీలు గారు చూశారు. సంతకం లేని ఉత్తర్వు చెల్లదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023లో చెప్పిందట. మా దాని మీద సంతకం ఉంది.

రైతు తన పంట అమ్ముకుంటే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కరలేదు. ఆదోనిలో రైతు పత్తి అమ్మినా, 2017 నవంబరులో వచ్చిన నిబంధన ప్రకారం రిజిస్టరైన కొనుగోలుదారుడే పన్ను కట్టాలి. కానీ కాయ ఆడించి నూనె అమ్మిన రోజు నుండి రైతు తమ్ముడు కూడా వ్యాపారే.

ఇప్పుడు పోర్టల్‌లో ఉన్నది నా ఫోన్ నంబరు. ప్రతి ఆదివారం హాస్టల్‌లో చూసి చిన్నాయనకు చెబుతున్నాను. ఖాతా తెరిచారు. అప్పీలు విచారణకు తేదీ ఇంకా రాలేదు.