ఎనిమిది వాకిళ్ల యంత్రము

ఒక వస్తువును వాడుట వేఱు. దాని నెఱిగి వాడుట వేఱు. గడియారమును చూచి వేళ చెప్పగలవారు ఊరంతయు నుందురు. దానిని విప్పి, దోషమును కనుగొని, మరల కూర్చి నడపగలవారు కొలదిమందియే యుందురు. కంప్యూటరు విషయమునను ఇంతే. నేడు దానిని వాడువారు కోట్లకొలది కలరు. కాని పాత కంప్యూటరును విప్పి, అందలి విద్యున్మార్గములను గుర్తించి, దానికొక క్రొత్త పరికరమును స్వహస్తములతో నిర్మించి తగిలించువారు కొందఱే. వారిలో పెక్కుమందికి అది జీవనోపాధి కాదు, అభిరుచి. ఈ అభిరుచి ఎట్లు పుట్టెనో, దానివలన కలుగు మేలేమో తెలిసికొందము.

1975 వ సంవత్సరమునకు ముందు కంప్యూటరు సామాన్యుని యింటికి రాదగిన వస్తువు కాదు. ఆ యేడు జనవరి నెలలో అమెరికాలోని ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అను పత్రిక తన ముఖపత్రముపై ‘ఆల్టెయిర్ 8800’ అను చిన్న కంప్యూటరు బొమ్మను ప్రకటించెను. న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ నగరమున ఎడ్ రాబర్ట్స్ అను ఇంజనీరు నడపుచుండిన ఎం.ఐ.టి.ఎస్. అను సంస్థ దానిని తయారుచేసెను. విడిభాగముల రూపమున దాని వెల 400 డాలర్లకు లోపుగా నుండెను. కొన్నవారు తామే టంకము వేసి భాగములను కూర్చుకొనవలెను. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపున స్విచ్చులును, చిన్న దీపములును మాత్రమే యుండెను. దాని మెమరీ 256 బైట్లు. అనగా, మీరు చదివిన యీ ఒక్క పేరానైనను పూర్తిగా దాచుకొనుటకు అది చాలదు.

అయినను ఆ యంత్రమునకొక సుగుణ ముండెను. దాని లోపల వంద తీగల మార్గమొకటి యుండెను. దానికి ‘బస్సు’ అని పేరు. ఆ మార్గముపై క్రొత్త కార్డులను గ్రుచ్చుటకు చోటు విడువబడినది. దాని నియమముల నెఱిగిన వారెవరైనను తమ కార్డును తయారుచేసి యంత్రమునకు క్రొత్త శక్తి నొసగవచ్చును. ఆ సంస్థవారు అమ్మిన మెమరీ కార్డులు సరిగా పనిచేయకపోగా, బాబ్ మార్ష్ అను నతడు తన మిత్రునితో కలిసి వేఱొక మెమరీ కార్డును నిర్మించి అమ్మెను. ఒకరి యంత్రమునకు మఱియొకరు కొఱత తీర్చు నాచారము ఇట్లు మొదలయ్యెను.

1975 మార్చి 5 వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, గోర్డన్ ఫ్రెంచ్ అను నతని కారు షెడ్డులో, ఇట్టి యభిరుచి గలవారు సుమారు ముప్పదిమంది కూడిరి. అదియే ‘హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు’. తాము నేర్చినదానిని దాచుకొనక పరస్పరము చెప్పుకొనుట వారి పద్ధతి. స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు తన ఆల్టెయిరు ప్రక్కన రేడియో నుంచగా, కంప్యూటరు పనిచేయునపుడు రేడియోలో వింతధ్వనులు వినబడెను. యంత్రములో విద్యుత్తు వేగముగా మాఱుచుండుటచే స్వల్ప తరంగములు వెలువడును. రేడియో వానిని పట్టుకొనును. డాంపియర్ ఈ రహస్యమును గ్రహించి, ఏ సూచనల వరుసకు ఏ స్వరము పలుకునో పరీక్షించి, కొంతకాలమునకు క్లబ్బు సమావేశమున తన యంత్రముచే పాట పాడించెను. ఇతరులు రొద యని త్రోసివేయదగినదానిలో అతడు సంగీతమును కనుగొనెను.

ఆ క్లబ్బు మొదటి సమావేశమునకు వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. అతడు రూపొందించిన ‘ఆపిల్-2’ అను కంప్యూటరు 1977 లో విపణిలోనికి వచ్చెను. దానిని నిర్మించునపుడు అతనికిని, అతని మిత్రుడగు స్టీవ్ జాబ్స్‌నకును అభిప్రాయభేదము కలిగెను. కార్డులు గ్రుచ్చు స్లాటులు రెండే చాలునని జాబ్స్ పలికెను. ముద్రణయంత్రమున కొకటి, టెలిఫోను తీగపై సమాచారము పంపు మోడెమున కొకటి. ఎనిమిది యుండవలసినదేయని వోజ్నియాక్ పట్టుపట్టెను. ముందుముందు ఎవరికేమి తోచునో నిర్మాత ఊహింపజాలడు. కావున వాకిళ్లు తెఱచియుంచుట మేలని ఆ పట్టుదలలోని భావము. తుదకు ఎనిమిది స్లాటులే నిలిచెను.

ఈ వాకిళ్లు పనిచేయు విధము తెలిసికొనదగినది. ఆపిల్-2 లోని 6502 అను ప్రాసెసరునకు 16 చిరునామా తీగలు కలవు. వానిచే 65,536 చిరునామాలను పేర్కొనవచ్చును. అందు ఒక్కొక్క స్లాటునకు 16 చిరునామాలు ప్రత్యేకింపబడినవి. ప్రాసెసరు ఒక చిరునామాను పేర్కొనగానే, అది ఏ స్లాటుకు చెందినదో ప్రధాన బోర్డుపైనున్న చిప్పులు కనుగొని, ఆ స్లాటునకు మాత్రమే సంకేతము పంపును. తపాలా బంట్రోతు వీథి యంతటిని పిలువక, జాబు వచ్చిన యింటి తలుపునే తట్టుట వంటిది ఇది.

ఈ విద్యను నేర్వగోరువాడు మొదట ఎనిమిది దీపముల కార్డును చేయవచ్చును. తనకు వచ్చిన సంఖ్యను నిలుపుకొను చిప్పు ఒకటి, ఎనిమిది చిన్న దీపములు, ఒక్కొక్క దీపమునకు ఒక రెసిస్టరు దీనికి ముఖ్యభాగములు. కంప్యూటరు 5 అను సంఖ్యను పంపిన, కుడినుండి మొదటి దీపమును, మూడవ దీపమును వెలుగును. ఏలయన 5 అనగా 4 ను 1 ని కూడగా వచ్చినది. పుస్తకములో చదివిన ద్విసంఖ్యామానము ఇట్లు కన్నులయెదుట వెలుగుగా నిలుచును.

వోజ్నియాక్ తెఱచియుంచిన వాకిళ్లు వ్యర్థము కాలేదు. ఆ యంత్రము తెరపై వరుసకు 40 అక్షరములనే చూపెడిది. ఇతరులు 80 అక్షరములు చూపు కార్డులను చేసిరి. 1980 లో మైక్రోసాఫ్ట్ సంస్థ వేఱొక ప్రాసెసరు గల కార్డును వెలువరించెను. ఆపిల్ సంస్థ 1993 లో ఆ వంశపు యంత్రముల తయారీని మానెను. అయినను వాని చరిత్ర ముగియలేదు.

పాత యంత్రములకు నేడు వచ్చిన ముఖ్యమైన యాపద ఫ్లాపీలు పాడగుట. వానిపై పూసిన అయస్కాంతపు పూత కాలక్రమమున చెడిపోవును. దానితోపాటు ఒకరి రచనయో, ఒక బడి పిల్లల పనియో, ఒక సంస్థ లెక్కలో మరల రానివిధముగా నశించును. దీనికి అభిరుచిపరులు ఉపాయము కనుగొనిరి. ఫ్లాపీలోని విషయమును ముందుగా నకలు తీసి, గోరంత మెమరీ కార్డులో నుంతురు. పిమ్మట ఫ్లాపీ యంత్రమువలె నటించు పరికరము నొకదానిని చేసి కంప్యూటరునకు తగిలింతురు. ఆపిల్-2 ఫ్లాపీ నుండి ఒక్కొక్క బిట్టు 4 మైక్రోసెకనుల కొకటిగా వచ్చును. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షవ వంతు. క్రొత్త పరికరమును అదే లయలో జవాబు చెప్పవలెను. లయ తప్పినచో కంప్యూటరు చదువజాలదు. ఆ ఫ్లాపీ ఒక్కొక్కటి 140 కిలోబైట్లు పట్టును. 8 గిగాబైట్ల మెమరీ కార్డులో అట్టివి ఏబదివేలకు పైగా ఇముడును.

ఈ పనికి తొందరపాటు పనికిరాదు. పాత చిప్పులు 5 వోల్టులతో పనిచేయును. నేటి చిప్పులు పెక్కు 3.3 వోల్టులకే తగినవి. నడుమ వోల్టేజిని సరిపఱచు చిప్పు నుంచనిచో క్రొత్తవి మాడిపోవును. విద్యుత్తును ఆపనిదే స్లాటులో కార్డును పెట్టరాదు, తీయరాదు. యంత్రమునకు విద్యుత్తు నందించు పెట్టెను విప్పుట ప్రాణాపాయకరము. బాలురు దానిని తాకనే రాదు.

విద్యార్థులారా! నిర్మాత చేయి విడిచిన పిదప ఆ యంత్రమును ఇన్నియేండ్లు బ్రదికించినది ఏది? 1977 లో ఒకడు పట్టుపట్టి విడిచిన చోటును, ఆ చోటును అర్థముచేసికొన్న వారి యోపికయు. మీకు దొరకు వస్తువు రేడియోయైనను, సైకిలైనను, పెద్దల యనుమతితో దాని లోపలిని పరిశీలింపుడు. తెలిసినదానిని తోటివారికి చెప్పుడు. తెఱచిన వాకిలియే జ్ఞానమునకు త్రోవ.

ప్రశ్నలు

1. ఆల్టెయిరులోని వంద తీగల మార్గమువలన కలిగిన మేలేమి?
2. స్లాటుల సంఖ్యను గూర్చి వోజ్నియాక్, జాబ్స్ అభిప్రాయములను తెలుపుము. ఎవరి మాట సరియైనదని నీ వందువు?
3. దీపముల కార్డునకు 10 అను సంఖ్యను పంపిన ఏ దీపములు వెలుగును?
4. ఫ్లాపీలు నశించుటవలన కలుగు నష్టమేమి? దానికి కనుగొనిన ఉపాయమేమి?