ఆకు రాలే నెలలోనే అగ్గిని ఆపాలె

ముప్పై రెండేళ్లు అటవీ శాఖలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నిజామాబాద్ చుట్టూ ఉన్న మల్లారం, మంచిప్ప, ఇందల్వాయి, సిర్నాపల్లి టేకు అడవుల్లోనే గడిచింది. ఇప్పుడు డెబ్బై దాటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, అడవి అంచు ఊళ్ల యువకులు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "ఎండాకాలం వస్తే అడవి అంటుకుంటున్నది, పెద్ద చెట్లు లోపల పుచ్చిపోతున్నయి, ఏం చేయాలె సార్?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. నిప్పు మనిషి చేతి నుంచే వస్తుంది

మన దగ్గర పిడుగు ఎక్కువగా వానతో పాటే పడుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుటాకుకు నిప్పు అంటుకుందంటే దాని వెనుక దాదాపు ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఇప్పపువ్వు ఏరుకునేవారు చెట్టు కింద నేల శుభ్రం కావాలని ఆకు కాలుస్తారు. కాపరులు కొత్త గడ్డి కోసం కాలుస్తారు. తునికి లేత చిగురు వేయాలని కొందరు నిప్పు పెడతారు. మన జిల్లాలో వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి బతుకుతున్నారు, ఆ బీడీకి చుట్టేది తునికాకే. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. అయినా ఒక్క కేసులతోనే నిప్పు ఆగడం నేను చూడలేదు. ఇప్ప చెట్టు కింద ఆకు ఊడ్చి పాత చీర పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. తునికి పొదను కాల్చకుండా నేల మట్టానికి కొడితే చిగురు ఇంకా బాగా వస్తుంది. ఇది చేసి చూపించిన ఊళ్లలో మంటలు తగ్గాయి.

2. ఫైర్ లైను పని చలికాలంలోనే అయిపోవాలె

టేకు ఆకు విస్తరాకంత ఉంటుంది. రాలి ఎండితే ఒకదాని మీద ఒకటి అప్పడాల్లా పేరుకుంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది. దానికి తోడు నడుమెత్తు బోదగడ్డి, లాంటానా కంప ఉంటే నేల మీది మంట కొమ్మల దాకా ఎగబాకుతుంది. అందుకే డిసెంబరు, జనవరిలోనే ఫైర్ లైన్ల మీది, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటల మీది గడ్డి కోయాలి, ఆకు ఊడ్వాలి. ఒక ఏడు నేనే ఆ పని వాయిదా వేశాను. మార్చి మొదటి వారంలో చేద్దామనుకున్నాను. ఫిబ్రవరి చివరి రాత్రి మంట ఆ లైను దాటి అవతలి గుట్ట ఎక్కింది. మంట ఎత్తుకు మనిషి కంటే వేగంగా పోతుందని ఆ రాత్రే తెలిసింది. ఆ తప్పు నాదే. మీరు దాన్ని మళ్లీ చేయొద్దు.

3. పెద్ద చెట్టు మంటకు చావదు, మొదట్లో పడ్డ గాయానికి చస్తుంది

ముదురు టేకు బెరడు మందంగా ఉంటుంది, నేల మంటను చాలావరకు తట్టుకుంటుంది. కానీ మొదలు పక్కన ఎండుకట్టె, ఆకుల కుప్ప కాలితే అక్కడ బెరడు పగిలి కట్టె బయటపడుతుంది. ఒకసారి గాలివానకు పడిపోయిన పెద్ద టేకును కోయించాం. బయటికి చూస్తే ఏ లోపమూ లేదు. రంపం దిగాక నడుమ మొత్తం గోధుమ రంగు పొడి, చేయి పెడితే మోచేతి దాకా పోయింది. ఆ తొర్ర వెంట కిందికి వెతుక్కుంటూ పోతే మొదట్లో అరచేయంత నల్లటి పాత కాలిన మచ్చ కనిపించింది. బూజు, చెదలు ఆ తలుపులోంచే దూరాయి. అప్పటి నుంచి పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ రెండు బారల మేర ఎండుకట్టె, ఆకు తీయించడం నా నియమం చేసుకున్నాను. నిప్పునూ తెగులునూ వేర్వేరుగా చూడొద్దు. మొదటిది తలుపు తెరుస్తుంది, రెండోది లోపలికి వస్తుంది.

4. పలచన చేయడమంటే అడవిని నరకడం కాదు

రెండు మీటర్ల ఎడంతో టేకు నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. అన్నింటినీ అలాగే వదిలితే ఒకదాని నీడలో ఒకటి సన్నగా సాగుతాయి, ఎండిపోయినవి నిలబడే కట్టెలవుతాయి. సరైన వయసులో వంకరవి, అణగారినవి, పుచ్చినవి తీసేస్తే మిగిలినవాటికి నీరు, వెలుతురు అందుతాయి, మంటకు మేత తగ్గుతుంది. అయితే కొట్టిన కొమ్మా రెమ్మా అక్కడే కుప్పగా వదిలేస్తే చేసిన పనంతా వృథా. అడవి బయటికి చేర్చాలి.

5. పురుగును చూసి మందు డబ్బా కోసం పరుగెత్తొద్దు

తొలకరి తర్వాత లేత ఆకును తినేసే పురుగు ఒకటి, వానాకాలం చివర ఈనెలు మాత్రం మిగిల్చి ఆకును జల్లెడ చేసే పురుగు మరొకటి టేకుకు పడతాయి. చెట్టు సాధారణంగా చావదు, ఎదుగుదల మాత్రం కుంటుపడుతుంది. వీటిని తినే పిట్టలు, పరాన్నజీవులు టేకు కింది పొదల్లో, పక్కనున్న మద్ది, మోదుగ, తునికి చెట్లలో బతుకుతాయి. ఏటా కాలిపోయే అడవిలో వాటికి చోటుండదు. అందుకే ఒక్క టేకే ఉన్న తోట కంటే కలగలుపు అడవే గట్టిది.

6. బోధన్ చెరకు రైతు నేర్పిన పాఠం

నిజాంసాగర్ నీళ్లతో, 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. అక్కడ ఒక పెద్ద రైతు గడను నిలువునా చీల్చి చూపించాడు. లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్ల మచ్చలు, పులిసిన వాసన. ఎర్రకుళ్లు తెగులు. "దుబ్బును వేళ్లతో సహా తీసి కాల్చేస్త, ఈ మడిల కార్శి ఉంచ, దీని విత్తనం ముట్ట" అన్నాడు. కార్శి అంటే కోసిన మోడు నుంచి మళ్లీ వచ్చే పంట. తెగులు పట్టినదాన్ని ముందే గుర్తించి వేరు చేయాలని నాకు బోధపడింది అక్కడే. చెరకు రైతులకు నాదొక విన్నపం కూడా ఉంది. కోత తర్వాత ఆకు కాల్చకుండా సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, నేలకు బలం వస్తుంది.

7. మంటను ఆర్పడమొక్కటే రక్షణ కాదు

అమెరికాలో 1935లో ఒక నియమం పెట్టారు. ఏ మంటైనా మర్నాడు ఉదయం పదికల్లా అదుపులోకి రావాలన్నారు. దశాబ్దాల పాటు అలా ఆర్పుకుంటూ పోయేసరికి పడమటి పైన్ అడవుల్లో చెట్లు కిక్కిరిశాయి, ఎండుకట్టె పేరుకుంది. కరువులో బలహీనపడ్డ చెట్లకు బెరడు పురుగు పట్టింది, మంటలు మునుపటి కంటే పెద్దవయ్యాయి. ఇప్పుడు అక్కడ చెట్లను పలచన చేసి, చల్లని రోజుల్లో కావాలనే చిన్న మంట పెడుతున్నారు. ఉత్తరాఖండ్‌లో ఎండిన పైన్ సూదులను పిరూల్ అంటారు, వాటిని ఏరి తెచ్చినవారికి డబ్బులిస్తున్నారు. పైన్ సూదైనా టేకు ఆకైనా నేల మీది మేతను ముందే తగ్గించాలి. కానీ మన దగ్గర చిన్న మంటతో తగ్గించాలన్నా అది అటవీ శాఖ అనుమతితో, లైను కొట్టాక, మనుషులు నిలబడి పెట్టేది. ఎవరికి వారు అంటించేది కాదు.

8. ఉపగ్రహం కబురు చెబుతుంది, ఆర్పేది ఊరే

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాలతో మంటలను గుర్తించి కబురు పంపుతోంది. అది మంచి సాయం. కానీ కబురు అందాక గుట్ట ఎక్కి, పచ్చి మండలతో పక్కల నుంచి కొట్టుకుంటూ మంటను ఇరుకు చేసేది ఊరి మనుషులే. మంటకు ఎదురుగా ఎప్పుడూ నిలబడొద్దు. ఊళ్లలో వన సంరక్షణ సమితులు బాగా నడిచిన రోజుల్లో పొగ కనిపిస్తే మాకంటే ముందు ఊరివాళ్లే అక్కడుండేవారు. అడవి ఆదాయంలో వాళ్లకు వాటా ఉంటే, కూలి సమయానికి అందితే, ఆ రోజులు మళ్లీ వస్తాయి.

అడవి అంచున ఉన్న ప్రతి ఊరికీ నా విన్నపం ఇదే. ఈ డిసెంబరులో రెండు రోజులు అడవికి ఇవ్వండి. ఒక రోజు ఫైర్ లైను ఊడ్వండి, ఒక రోజు పెద్ద చెట్ల మొదళ్లు శుభ్రం చేయండి. మన తాతలు మనకు వదిలిన టేకు మన మనవలకు తొర్ర లేకుండా అందాలి.