కెర్నెల్ అనే లష్కరు

మాది చందూరు. నిజాంసాగర్ కాలువ కింద చివరి మళ్ళు మావి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళు మా పొలానికి రావాలంటే లష్కరు తూము తియ్యాలి. “తీసేదాకనే అది లష్కరు చేతిల ఉంటది బిడ్డా, తీసినంక నీళ్ళు ఆయన మాట వినయి” అంటడు మా బాపు. మెమొరీ మ్యాపింగ్ పాఠం నాకు ఆ మాటతోనే అర్థమయింది. మిత్రులతో దాన్ని పంచుకోవటానికే ఈ చిన్న ప్రయత్నం.

కెమెరా, డిస్‌ప్లే కార్డు వంటి పరికరాలకు రిజిస్టర్లు, కొంత సొంత మెమొరీ ఉంటాయి. ప్రాసెసర్‌కు అవి కూడా మామూలు మెమొరీ లాగే కొన్ని అడ్రసుల దగ్గర కనిపిస్తాయి. 1970లో వచ్చిన పీడీపీ-11 కంప్యూటర్‌లోనే ఈ పద్ధతి ఉంది. అయితే మనం రాసే ప్రోగ్రాము వాటిని నేరుగా తాకలేదు. మధ్యన కెర్నెల్ ఉంటుంది.

ప్రోగ్రాము అడిగినప్పుడల్లా కెర్నెల్ డేటా తెచ్చి కాపీ చేసి ఇవ్వటం ఒక పద్ధతి. ఇది బిందెలతో మోసి మడి తడపటం వంటిది. 1920×1080 చుక్కల బొమ్మకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, 82,94,400 బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలంటే దాదాపు 25 కోట్ల బైట్ల మోత! అందుకే ఎంమ్యాప్ అనే రెండో పద్ధతి. ప్రోగ్రాము ఒక్కసారి అడుగుతుంది. కెర్నెల్ పేజీ టేబుల్‌లో రాసి, పరికరపు మెమొరీని ప్రోగ్రాము అడ్రసులకు కలుపుతుంది. ఇక కాపీ లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. తూము తీశాక ప్రతి చదువునూ, ప్రతి రాతనూ కెర్నెల్ చూడదు. కనుక లెక్కంతా తెరిచే ముందే చూసుకోవాలి. డ్రైవర్ రాసేవారు మరువరానివి నాలుగు:

1. ప్రోగ్రాము ఫిజికల్ అడ్రసు అడగకూడదు. “ఈ పరికరంలో ఇక్కడినుంచి ఇంత” అని మాత్రమే అడగాలి. అసలు అడ్రసు కెర్నెలే వేసుకోవాలి.

2. ఆరంభం పరికరపు హద్దులో ఉందా అని ముందు చూడాలి. తరవాత మిగిలిన జాగాతో పొడవును పోల్చాలి. రెండూ కూడి చూస్తే, మరీ పెద్ద సంఖ్యలకు కూడిక మీటరు తిరిగినట్టు మళ్ళీ సున్నా దగ్గరికొచ్చి మోసం చేస్తుంది.

3. మ్యాపింగ్ పేజీల లెక్కన జరుగుతుంది. పేజీ సాధారణంగా 4096 బైట్లు. రిజిస్టర్లు 256 బైట్లే అయినా పేజీ మొత్తం తెరుచుకుంటుంది. అదే పేజీలో పక్కన ఏమున్నదో చూసుకోవాలి.

4. రిజిస్టర్లను కాషే లేకుండా మ్యాప్ చెయ్యాలి. లేకుంటే పరికరం మారినా ప్రోగ్రాముకు పాత విలువే కనబడవచ్చు.

ఇవి పుస్తకాల భయాలు కావు. 2012 డిసెంబరులో గెలాక్సీ ఎస్3 వంటి కొన్ని సామ్‌సంగ్ ఫోన్లలో ఒక లోపం బయటపడింది. ఎక్సినోస్-మెమ్ అనే డివైస్ ఫైలును ఏ యాప్ అయినా తెరిచి, ఫోన్ మెమొరీని మొత్తం మ్యాప్ చేసుకోగలిగేది. అంటే కెర్నెల్‌నే మార్చేసి, ఫోన్ మీద పూర్తి అధికారం పొందవచ్చు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. అభ్యాసానికి ఒక్క పేజీ పరికరానికి డ్రైవర్ రాసి, పొడవు చూడటం మరిచాను. రెండు పేజీలు అడిగితే రెండూ ఇచ్చేసింది! ప్రోగ్రాము చక్కగా నడిచింది గనుక రెండు రోజులు తప్పే తెలియలేదు. ఒకసారి మా కాలువ మీద ఎవరో తూము షట్టర్ రాత్రిపూట ఎక్కువ లేపారు. పైవాళ్ళ మళ్ళు నిండినయి, ఎవరూ ఏమనలేదు. మా వరి ఎండినంకనే సంగతి తెలిసింది.

డ్రైవర్‌లో రెండు పంక్తులు చేర్చాను. ఇప్పుడు రెండు పేజీలు అడిగితే “చెల్లదు” అని తిప్పి పంపుతున్నది.